మా ఆవిడ పచ్చరాయిని ఎంచినవాడు

మా ఆవిడ పచ్చరాయి కొనుక్కుంటూ నన్ను అడగలేదు. రేపల్లెలో జాకెట్టు ముక్కలు అమ్ముకునే మ్యాచింగ్ సెంటర్ సాయిబుగారిని అడిగింది.

అప్పుడు నేను ఊళ్ళో లేకపోలేదు. తెనాలిలో మా ఇంట్లోనే, ఆవిడ ఫోను చూసుకుంటున్న గదికి పక్క గదిలో, కళ్ళజోడు పెట్టుకుని మెలకువగా కూర్చుని ఉన్నాను. కెంపేదో గాజేదో తేల్చడానికి ఈ ఊరి నగల పనివాళ్ళు ఒకప్పుడు నాకోసం రిక్షా పంపేవారు. అలాంటివాణ్ణి గోడకు ఇవతల పెట్టుకుని ఆవిడ రేపల్లె రైలెక్కింది.

ఆ సాయిబుగారు మొన్న పోయాడు. సంగతి మోసుకొచ్చిందీ మా ఆవిడే. కొత్త చీరకు జాకెట్టు ముక్క కోసం పొద్దున సంచితో వెళ్ళింది, మధ్యాహ్నానికి ఆ సంచి విప్పకుండానే తిరిగొచ్చింది.

"షట్టరు వేసుందండి. పక్కన టీకొట్టాయన చెప్పాడు, సాయిబుగారు పోయారట. నిద్రలోనేనట" అని గుమ్మంలోనే కూలబడింది.

చెప్పులు విప్పలేదు. మంచినీళ్ళు అడగలేదు. నాకు కంటి ఆపరేషన్ జరుగుతున్నప్పుడు ఇదే మనిషి ఆసుపత్రి వరండాలో పక్కావిడతో ఆవకాయ పాళ్ళు మాట్లాడటం లోపల బల్ల మీద నుంచి నా చెవులారా విన్నాను. ఇప్పుడు జాకెట్టు ముక్కల మనిషికి ఈ ముఖం.

"మరి జాకెట్టో?" అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

"ఇంక ఈ చీరకు జాకెట్టు లేదండి" అంది.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను. ఆయనలో మంచి చాలానే ఉంది. లేకపోతే నాకీ మంట ఎందుకు?

రేపల్లె స్టేషన్ నుంచి బజారుకు వెళ్ళే దారిలో ఆయన కొట్టు. రెండు మంచాలు పడితే నిండిపోయేంత. నేల నుంచి కప్పు దాకా జాకెట్టు గుడ్డలే, రంగు పక్కన రంగు. మా ఆవిడ పుట్టిల్లు భట్టిప్రోలు. ఆయన తండ్రి కొట్టు నడుపుతున్న రోజుల నుంచీ వాళ్ళింటి ఆడవాళ్ళు జాకెట్టు ముక్క అంటే రేపల్లే. తెనాలిలో అలాంటి కొట్లు బోలెడున్నాయని పెళ్ళయిన కొత్తలో చెప్పాను. "అవి కొట్లే కానీ, అక్కడ కళ్ళు లేవండి" అంది. అప్పట్లో నవ్వుకున్నాను.

ఆయన పగటిపూట కొట్లో దీపం వెయ్యనిచ్చేవాడు కాదు. చీర చేతికివ్వగానే దాన్ని తీసుకుని చెప్పులైనా లేకుండా నడిరోడ్డు మీదికి నడిచేవాడు. ఆటో వచ్చినా, ఎద్దుబండి వచ్చినా ఆగాల్సిందే. "తమ్ముడూ, కాస్త వెనక్కి లాగు, నీ నీడ పడుతోంది చీర మీద" అని ఆటోవాడితో ఆయన అంటుంటే విన్నాను. ఆటోవాడు వెనక్కి లాగాడు కూడా! నేను లాగమంటే లాగుతాడా?

అలా ఎండలో ఒకసారి చూసి, చీర మడిచి సంచిలో పెట్టించేసేవాడు. అది ఎదురుగా ఉంటే కన్ను బద్ధకిస్తుందట. తర్వాత వరసల మీద చెయ్యి పోనిచ్చి ఒకటి లాగేవాడు. ఆ లాగిన దాన్ని తీసుకుని మళ్ళీ రోడ్డు మీదికి. రంగులకు ఆయన పెట్టుకునే పేర్లు వేరు. ఒకావిడతో అంటున్నాడు, "అమ్మా, మీ చీర ఇవాళ కోసిన గోంగూర. నా దగ్గరున్నది నిన్నటి గోంగూర. ఇవ్వను." ఆవిడ బతిమాలింది, దగ్గరగానే ఉందిగా ఇవ్వవయ్యా అని. "దగ్గరగా ఉందంటే వేరేదనేగా అమ్మా" అని పక్క కొట్టుకు దారి చూపించాడు.

ఇంకో మాట ఉండేది ఆయనకు. ట్యూబులైటు కింద చీర కొనకూడదు, సంబంధం చూడకూడదు అని. ఈ మాటకు ఆడవాళ్ళు ప్రతిసారీ కొత్తగా విన్నట్టు నవ్వేవాళ్ళు. మా ఆవిడ ఇంటికొచ్చాక కూడా నవ్వేది.

ఇక నా సంగతి. ఎనిమిదో తరగతితో బడి ఆగిపోయింది. రైసుమిల్లులో కాటా దగ్గర గుమస్తాగా బతుకు నడిపాను. బెజవాడ వెళ్ళినప్పుడల్లా పాత పుస్తకాల గుట్టల్లో కూర్చుని, రాళ్ళ మీద ఇంగ్లీషు పుస్తకాలు ఏరి తెచ్చుకుని, పక్కన నిఘంటువు పెట్టుకుని చదివాను. ఎవడూ నేర్పలేదు. భూతద్దం కంటికి ఆనించి ఊపిరి బిగబట్టడం దగ్గర్నుంచీ అన్నీ నాకు నేనే. మా చుట్టాల్లో, ఊళ్ళో, ఎవరు రాయి కొనాలన్నా నాకు చూపించేవాళ్ళు. నా మాట విని కొనకుండా వెనక్కి వెళ్ళినవాళ్ళే ఎక్కువ. అది నా లెక్కలో గొప్పే. ఒక్కడూ నా వల్ల మోసపోలేదు.

తర్వాత ఈ ఫోన్లొచ్చాయి. ఎక్కడో ఉత్తరాదిన కూర్చున్న వ్యాపారి కెంపులూ నీలాలూ ఫోటోలు తీసి పెడతాడు, మనవాళ్ళు ఇక్కడ మంచం మీద పడుకుని బేరమాడతారు. చేతికి రాని రాయిని చూసేదేంటని నేనన్నాను. సాయిబుగారు మాత్రం చూడటం మొదలుపెట్టాడు. మొదట్లో, ఈ ఉంగరం ఈ చీర మీదికి వస్తుందా అన్నా అని ఆడవాళ్ళు ఫోను చూపించేవాళ్ళట. పోనుపోను చీర సంగతి పోయి, రాయి మంచిదేనా అన్నా అని అడగడం దాకా వచ్చింది. నా దగ్గరకు రావలసిన మనుషులు ఒక్కొక్కరే అటు మళ్ళారు. మా గుమ్మంలో చెప్పులు తగ్గిపోయాయి. రేపల్లెలో ఆ కొట్టు ముందు చెప్పులు పెరిగాయి.

ఆయన్ని ఎదురుగా ఢీకొన్నది బాపట్లలో.

బాపట్లలో మా తోడల్లుడున్నాడు, మా ఆవిడ చెల్లెలి మొగుడు. షష్టిపూర్తికి వేలికి కెంపు పెట్టుకోవాలని ఆయనకు ముచ్చట పుట్టింది. ఫోనులో మూడు రాళ్ళు ఎంచిపెట్టి నన్ను పిలిపించాడు. వెళ్ళేసరికి వరండాలో సాయిబుగారున్నాడు. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ జాకెట్టు గుడ్డల మూట కట్టుకుని తనే ఇళ్ళకు వెళ్ళడం ఆయన వ్యాపారం పద్ధతి. చుట్టూ ఆడవాళ్ళు, మధ్యలో మూట, మూట మీద ఆయన మోచెయ్యి.

నేను కుర్చీ జరుపుకుని, భూతద్దం తీసి, కంటికి ఆనించి ఫోను మీదికి వంగాను. కెంపు కనిపించలేదు. ఎర్రవి, పచ్చవి, నీలంవి సన్నటి చుక్కలు బారులు తీరి కనిపించాయి. ఇంకా కిందికి వంగాను.

"బాబాయ్ గారూ, అది రాయి కాదండీ, ఫోను!" అన్నాడాయన. "ఇంకాస్త వంగితే లోపల తయారుచేసినవాడు కనిపిస్తాడు."

వరండా అంతా నవ్వింది. నవ్వనీ. మా తోడల్లుడు నవ్వాడు, నవ్వనీ, వాడి ఇల్లు. మా ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అది మాత్రం ఈనాటికీ మింగుడు పడలేదు.

తర్వాత ఆయన ఫోను అందుకున్నాడు. "ఇదేంటండీ, పసుపునీళ్ళలో ముంచి తీసినట్టుంది? కళ్ళకు చల్లగా ఉంటుందని ఏదో పెట్టుకున్నారు, ముందు అది తీసెయ్యండి" అన్నాడు. తీయించాడు. వెలుతురు పూర్తిగా పెంచాడు. అప్పుడు ఆ వ్యాపారికి ఫోను కలిపి ఉర్దూలో ఏదో గడగడా చెప్పాడు. మాకు తెలుగులో మళ్ళీ చెప్పాడు. నల్లగుడ్డ మీద పెట్టి బల్బులు వేసి తీసిన ఫోటోలు వద్దు, బల్బులన్నీ ఆర్పి, కిటికీ దగ్గర, వేళ్ళ మధ్య పట్టుకుని వీడియో తీసి పంపమన్నాడట.

వీడియోలు వచ్చాయి. అందరం రాళ్ళు చూస్తున్నాం. ఆయన చూడటం లేదు.

"రాయినేం చూస్తారమ్మా, అది మనం ఎప్పుడూ చూడంది. అతని గోరు చూడండి. గోరు రంగు మనకు పుట్టినప్పటి నుంచి తెలుసుగా. ఈ మొదటి దాంట్లో గోరేంటి, గోరింటాకు పెట్టుకుని కడుక్కున్నట్టుంది? గోరు అంత ఎర్రబడిందంటే, రాయికీ అంత ఎరుపు పులిమారనే."

మూట విప్పి ఎర్రగుడ్డలు ముందరేసుకున్నాడు. ఫోనులో కనిపిస్తున్న రంగుకు సరిపోయే ముక్క ముందు తీశాడు, దానిమ్మగింజ రంగు. గోరును మళ్ళీ చూశాడు. ఆ ముక్క పక్కన పెట్టి దానికి కింద, ఇంకా కింద వెతికి వేరేది లాగాడు. "ఇదీ దీని అసలు రంగు. బీట్‌రూట్ ఉడికించిన నీళ్ళు. మీకు కావాలా బావగారూ?" అన్నాడు. మా తోడల్లుడు వద్దన్నాడు. రెండో రాయీ అలాగే పోయింది. మూడోదాంట్లో వ్యాపారి గోరు మామూలు గోరులా ఉంది. ఆయన ఆ రంగు గుడ్డలోంచి ఒక ముక్క చింపి, గుండుసూదితో గోడమీద క్యాలెండరుకు గుచ్చాడు. "రాయి వచ్చాక దీని పక్కన పెట్టి చూసుకోండి. తేడా ఉంటే నా కొట్లో జాకెట్టు కొనకండి" అన్నాడు.

నేను ఊరుకోలేదు. ఆ మూడో రాయిని వ్యాపారి అటూ ఇటూ తిప్పుతున్నప్పుడు, దాని నడిమధ్య నుంచి వెనకున్న వేలి గీతలు నాకు కనిపించాయి. "రంగు సరే, కోత చెడ్డది. అడుగున లోతు చాలదు. పడిన వెలుగు తిరిగి పైకి రాకుండా కిందికి జారిపోతోంది. రాయికి కిటికీ పడింది. వద్దు" అన్నాను.

"ఊరుకోండి అన్నయ్యగారూ, మీరు దేనికి సరేనన్నారు గనక! రంగు కుదిరిందిగా" అన్నాడు తోడల్లుడు.

రాయి వచ్చింది. షష్టిపూర్తి నాడు క్యాలెండరు మీది ముక్క పక్కన పెడితే పోగు తేడా లేదు. అందరూ సాయిబుగారి వీపు తట్టారు. నేను ఆ రాయిని తీసుకెళ్ళి శుభలేఖ మీద పెట్టి, దాంట్లోంచి మా తోడల్లుడి పేరు అక్షరం అక్షరం పైకి చదివాను. మధ్యలో అద్దంలా ఖాళీ. ఎవరూ పట్టించుకోలేదు. "ఎర్రగా ఎంత బాగుందో" అంటున్నారు. సాయిబుగారు ఒక్కడే వచ్చి నా భుజం మీంచి వంగాడు. తనూ చదివాడు. భోజనాలకు వెళ్ళిపోయాడు.

మరుసటి వారం తెనాలి వచ్చాడు. మా ఇల్లు కనుక్కుంటూ వచ్చి, కుర్చీ వేస్తే కూర్చోకుండా అరుగు మీద చతికిలబడ్డాడు.

"కోత సంగతి నాకు బొత్తిగా తెలీదు బాబాయ్ గారూ. ఆవేళ మీరన్నది నిజమైంది. నేర్పండి."

వెళ్ళిపొమ్మనాల్సింది. కానీ అన్నేళ్ళలో నన్ను నేర్పమని అడిగినవాడు లేడు. లోపల్నుంచి పటికబెల్లం తెప్పించాను. ఒక కండ చాకుతో పలచగా చెక్కి పేపరు మీద పెట్టి చూపించాను. కింద అక్షరాలు కనిపిస్తే లోతు చాలనట్టు. ఇంకోటి పొట్ట లావుగా వదిలాను. ఇలాంటిదైతే నడుమ నల్లగా చచ్చిపోతుంది, పైగా ఆ పొట్టంతా బంగారంలో కూరుకుపోయి ఎవరికీ కనిపించదు, మనవాళ్ళు జ్యోతిష్కుడు చెప్పిన బరువు తూగితే చాలని ఆ బొజ్జరాళ్ళే కొంటారు అని చెప్పాను. అందుకే ముఖం ఫోటో ఒక్కటీ చాలదు, పక్క నుంచి తీసింది అడగాలి, పేపరు మీద పెట్టింది అడగాలి, తిప్పుతుంటే మెరుపు మధ్యలో ఆగిపోకుండా ఈ కొస నుంచి ఆ కొసకు పరిగెత్తాలి.

ఆయన ఆనందం పట్టలేకపోయాడు. "అంటే రాయికీ కుట్టుంటుందన్నమాట! రంగు గుడ్డది, మెరుపు టైలరుది. ఎంత మంచి గుడ్డైనా చంకల దగ్గర పట్టేస్తే ఏముంది!" అని తొడ చరుచుకున్నాడు. పాఠం అయ్యాక ఆ పటికబెల్లం కండలన్నీ నోట్లో వేసుకున్నాడు.

మా ఆవిడ ఇద్దరికీ టీ ఇచ్చి, లోపలికి వెళ్ళకుండా ద్వారబంధానికి ఆనుకుని నిలబడింది. నేను రాళ్ళ గురించి మాట్లాడుతుంటే ఆవిడ నిలబడి వినడం నేనెప్పుడూ చూడలేదు. నాకోసం నిలబడిందా, ఆయన తొడ చరుపుల కోసమా అన్న సందేహం అప్పుడే వచ్చింది.

ఆ ఏడు చలికాలంలో ఆవిడ వేలికి పచ్చ కనిపించింది. అన్నం వడ్డిస్తున్న చెయ్యి. ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఏంటది?"

"పచ్చండి. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. నా డబ్బుతోనేలెండి. సాయిబుగారు చూసిపెట్టారు" అంది, పెరుగు తెప్పించానన్నంత తేలిగ్గా.

ఆ మధ్యాహ్నం ఉంగరం తీసిమ్మన్నాను. భూతద్దంతో గంటసేపు చూశాను. తప్పు దొరకాలని చూశాను, దాచడం ఎందుకు? పచ్చ అంటే చాలామంది కొనేది పసుపు తిరిగిన పెసరరంగు, కాకపోతే నల్లబడ్డ నాచు. ఇది ఆ రెండూ కాదు. నారుమడి బాగా పచ్చబడ్డాక పొద్దున్నే చూస్తే ఉంటుందే, లోపల రవ్వంత నీలం దాగినట్టు, ఆ రంగు. లోపల సన్నటి పొరలున్నాయి. పచ్చకు ఉండాల్సినవే, మచ్చలేని పచ్చ అయితే గాజని అనుమానించాలి. ఇక కోత. పేపరు మీద పెట్టాను. అక్షరం కనిపించలేదు. తిప్పాను. మెరుపు ఈ కొస నుంచి ఆ కొసకు పరిగెత్తింది.

నేను చెప్పిన కోత. నా పటికబెల్లం పాఠం. నా నోటి మాటే రేపల్లె వెళ్ళి, ఆయన నోట్లోంచి మా ఆవిడ చెవిలో పడి, ఆవిడ వేలికి ఉంగరమై మా ఇంటికొచ్చింది. దొంగతనమని కేసు పెడదామంటే ఏ స్టేషన్‌లో తీసుకుంటారు?

మర్నాడు నేనే రైలెక్కాను. ఆయన రోడ్డు మీద నిలబడి ఎవరిదో ఊదారంగు చీర ఎండకు పట్టి చూస్తున్నాడు. నన్ను చూసి, "రండి బాబాయ్ గారూ, ఒక్క నిమిషం, మబ్బు వచ్చేలా ఉంది" అన్నాడు. ఆ చీర పని అయ్యేదాకా నడిబజారులో నిలబడి, ఆయన వెనకే కొట్లోకి వెళ్ళాను.

"మా ఆవిడ పచ్చ నువ్వు చూశావటగా."

"చూశానండి. పిన్నిగారు మూడుసార్లు వచ్చారు. రెండు వాపసు పంపించాం. కోత మాత్రం మీరు చెప్పినట్టే చూశానండి. ఇది మా బాబాయ్ గారు నేర్పిందే అమ్మా అని మీ పేరు చెప్పే చూశాను."

మూడుసార్లు! ప్రతిసారీ జాకెట్టు ముక్క వంక చెప్పి వెళ్ళింది. ఇంట్లో జాకెట్లు లెక్కపెట్టుకునే మగవాడెవడు?

"నా పేరు చెప్పినప్పుడు ఏమంది?"

"నవ్వారండి."

"మరి నన్నెందుకు అడగలేదట?"

ఆయన చేతిలో గుడ్డ మడత ఆగింది. కొట్లో ఉన్నవాళ్ళు వినకుండా నన్ను గుమ్మం పక్కకు తీసుకొచ్చాడు.

"అది నన్నడిగితే ఎలాగండీ? నేను రంగు వరకే. పిన్నిగారు నాకు చెప్పలేదు, నేను అడగనూ లేదు. మీరు అడగండి. టీ తాగుతారా?"

తాగలేదు. ఆయన స్టేషన్ దాకా నా వెంట వచ్చాడు, రైలు కదిలేదాకా నిలబడ్డాడు. దార్లో ఒక్క వేళాకోళం ఆడలేదు. ఆయన వేళాకోళం ఆడి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. తెలిసే చెప్పలేదా, నిజంగానే తెలియదా అని భట్టిప్రోలు దాటేదాకా తన్నుకున్నాను.

ఇంటికొచ్చి అడగలేదు. అడిగితే తక్కువైపోతానని. ఆవిడ పప్పు కడుగుతున్నా, ముగ్గు వేస్తున్నా ఆ పచ్చ వేలిమీద తళుక్కుమనేది. ఎవరైనా బాగుందంటే, "రేపల్లె సాయిబుగారు చూశారు" అనేది. కోత మా ఆయన చెప్పిందే అని ఒక్కసారైనా అంటుందేమోనని చెవులు రిక్కించేవాణ్ణి. ఏడాది పైన రిక్కించాను.

ఇప్పుడాయన పోయాడు. ఇక నాకు పోటీ లేదు. కానీ ఆవిడ ముఖం చూశాక, బతికుంటేనే నయమనిపించింది. బతికున్నవాడిలో ఎప్పటికైనా ఒక తప్పు దొరికేది.

ఆ సాయంత్రం ఆవిడ జాకెట్టు లేని చీరను బీరువాలో అడుగున పెడుతుంటే అడిగేశాను. ఇంట్లో నేనుండగా, పక్క గదిలో ఉండగా, ఆ పచ్చ నాకెందుకు చూపించలేదు?

ఆవిడ బీరువా తలుపు వేసింది. తాళం చెవి బొడ్లో దోపుకుంది. నా వైపు తిరిగి చెప్పింది:

"మిమ్మల్నడిగితే వద్దంటారండి. ఎంత మంచి రాయైనా మీకేదో ఒకటి కనబడుద్ది, వద్దంటారు. మీరు వద్దంటే నేను మానేస్తాను. పెళ్ళయిన కాడ్నించీ మానేస్తానే ఉన్నాను. అదొక్కటి మానబుద్ధి కాలేదు. అన్నం వడ్డించనా?"